పద్దెనిమిదో సంతకం

మచిలీపట్నం,
2 జూన్ 1998

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయకపోవడం బద్ధకం వల్ల కాదు, కోపం వల్ల. నీ మీద కాదు. మా రొయ్యల షెడ్డు మేనేజరు దైవాధీనం గారి మీద. ఆయన పేరు పక్కన 'గారు' ఎందుకు రాశానో నాకే అర్థం కావడం లేదు. కొట్టేద్దామనుకున్నాను గానీ ఉత్తరం మురికిగా కనిపిస్తుందని ఊరుకున్నాను.

జరిగింది చెబుతాను. గురువారం బంటుమిల్లి నుంచి ఒక రైతు రొయ్యలు తెచ్చాడు. కాటా దగ్గర నేనే ఉన్నాను. ట్రేల్లో నీళ్ళుంటాయని చెప్పి ప్రతి ట్రేకీ కొంత బరువు కోసెయ్యడం మా షెడ్డు పద్ధతి. ఆయన ట్రేలు చుక్క నీరు లేకుండా పొడిగా ఉన్నాయి. నేను కోత వెయ్యలేదు. దైవాధీనం వచ్చి అందరి ముందూ నా చేతే కోత వేయించాడు. నేను ఊరుకుంటానా? ఇది దోపిడీ అన్నాను, చెమట ఒకడిదీ కాటా ఇంకొకడిదీ అన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆయన కేకలెయ్యలేదు. అదే నాకు మండింది. నవ్వి, "గణపతీ, నువ్వు మాట్లాడగలవు, నడపలేవు. నడపడానికి ఒక చదువుంది. అది చదివొచ్చి ఈ కుర్చీలో కూర్చో, అప్పుడు నీకు నచ్చినట్టు తూయించు" అన్నాడు. షెడ్డు మొత్తం నవ్వింది.

అందుకని చెప్తున్నాను, విను. గుడివాడలో ఒక కాలేజీ వాళ్ళు ఉద్యోగస్తుల కోసం ఆదివారాలు మాత్రమే బిజినెస్ మేనేజిమెంటు డిప్లొమా పెట్టారు. ఏడాది కోర్సు. అప్లికేషన్ పెట్టాను, పిలుపొచ్చింది. పద్నాలుగో తారీఖున ఇంటర్వ్యూ. ముప్ఫై సీట్లకి వంద మందికి పైగా వస్తున్నారట.

నువ్వు నవ్వుతావని తెలుసు. నా ట్రంకు పెట్టెలో ఉన్న చిన్న పుస్తకాలన్నీ ఇలాంటి చదువుల్ని తిడుతూ రాసినవే. కానీ ఎదుటివాడి చేతిలో ఉన్న ఆయుధం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం తప్పు కాదని ఆ పుస్తకాల్లోనే ఒకదాంట్లో ఉంది. ఎందులో ఉందా అని రెండు రోజులుగా వెతుకుతున్నాను. ఈ చదువు నేను కుర్చీ కోసం చదవను. అవనిగడ్డ బజార్లో చేపలమ్ముకునే మీ పద్దెనిమిది మందికీ ఒక సంఘం పెట్టడానికి చదువుతాను. ఇంటర్వ్యూలో వాళ్ళు నన్ను అడగడం కాదు, నేనే వాళ్ళని నిలదీస్తాను.

షెడ్డులో అందరికీ చెప్పేశాను. సీటు రాకపోతే అక్కడ తలెత్తుకు తిరగలేను. అది ఒక్కటే భయం.

నీ తమ్ముడు,
గణపతి


నాగాయలంక,
8 జూన్ 1998

తమ్ముడు గణపతికి అక్క రత్నమ్మ రాసేది. ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. మీ బావ వేట నుంచి వచ్చాడు. వల చిరిగింది. దాని ముందు కూర్చుని దాన్నే తిడుతున్నాడు.

నవ్వుతానని రాశావు. నవ్వలేదు. ఉప్పెన వచ్చిన ఏడాది రెండేళ్ళవాడివి నా చంకలో ఉన్నావు. అప్పుడు నాకు పదకొండు. ఇవాళ నువ్వు గుడివాడలో ఇంటర్వ్యూకి వెళ్తున్నావు. నవ్వేదేముంది ఇందులో?

బజార్లో మా వాళ్ళకి చెప్పాను. కృపావరం అత్త నీ షెడ్డు సంగతంతా విని, "కుర్చీలో కూర్చున్నాక మనోడు మాత్రం కోత కొయ్యడా ఏంటి?" అంది. కొయ్యడు, కుర్చీ విరగ్గొడతాడు అన్నాను. అందరూ ఒకటే నవ్వు. నవ్వంటే అదొక్కటే.

నాకు తెలిసిన రెండు ముక్కలు చెప్తాను. నిలదియ్యమాకు. అడిగిందానికి చెప్పు. తెలియకపోతే తెలియదని చెప్పు. తెలియదంటే ఎవరూ కొట్టరు. తెల్లచొక్కా వేసుకో, కాలరు దగ్గర మాసిందేమో చూసుకో. బండి ఎక్కే ముందు ఏదైనా తిను, ఖాళీ కడుపుతో నీకు కోపం ఎక్కువ.

సంఘం అంటే ఏంటని అడుగుతున్నారు వీళ్ళు. వచ్చినప్పుడు నువ్వే చెప్పు.

అక్క


మచిలీపట్నం,
15 జూన్ 1998

అక్కా,

ఇంటర్వ్యూ అయింది. బాగానే అయిందని అనుకోవాలి.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఒక పక్కన కాలేజీ ప్రిన్సిపాలు, ఇంకో పక్కన పాఠం చెప్పే వసుంధర మేడం. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా టై కట్టుకున్నారు. సగం మంది ఎరువుల కొట్ల వాళ్ళ అబ్బాయిలు, రైసుమిల్లుల వాళ్ళ అల్లుళ్ళు. నేను మూడు రాత్రులు రాసుకుని బట్టీ పట్టిన మాటలన్నీ గుమ్మం దగ్గరే పోయాయి. మొదట ఇంగ్లీషులో పరిచయం చేసుకోమన్నారు. నా పేరు, మా ఊరు వచ్చాయి. తర్వాత మాట రాలేదు. పెద్దాయన తెలుగులోనే చెప్పు బాబూ అన్నాడు. ఆ జాలి నేను ఈ జన్మలో మర్చిపోను.

అప్పుడు మేడం అడిగింది: "మీరు స్వయంగా నడిపిన పని ఏదైనా ఒకటి చెప్పండి. చిన్నదైనా పర్లేదు." నేను నడిపింది ఏముంది అక్కా? కాటా చూస్తాను, అంతే. ఏం చెప్పాలో తోచక మీ గంపల సంగతి చెప్పాను. ముందు పాడైపోయే గంప ఎవరిదైనా సరే అదే ముందు అమ్మడం, అది అయిపోయేదాకా మిగిలినవాళ్ళు గంపల మీద తడిగోనె కప్పుకుని కూర్చోవడం, అదంతా. ముగ్గురూ ముందుకు వంగి విన్నారు. మేడం రాసుకుంది.

మీ గురించి గొప్పగా చెప్పాను. ఇంతకంటే రాయడానికి ఏం లేదు. తలనొప్పిగా ఉంది.

గణపతి


నాగాయలంక,
21 జూన్ 1998

తమ్ముడు గణపతికి,

నీ ఉత్తరం శుక్రవారం బజారుకు వెళ్ళేటప్పుడు అందింది. బస్సులో చదివాను. దిగగానే అందరికీ చెప్పాను. గుడివాడ కాలేజీలో పెద్దవాళ్ళు కాగితం మీద మన సంగతి రాసుకున్నారంట అన్నాను. కృపావరం అత్త గంప దించకుండానే నిలబడిపోయింది. "మన పేర్లు కూడా చెప్పాడా?" అని అడిగింది. చెప్పే ఉంటాడు అన్నాను. చెప్పావు కదా?

నువ్వు అదంతా ఎప్పుడు చూశావో అనుకున్నాను. నిరుడు రెండు రోజులు వచ్చి బజార్లో మా అరుగు మీద కూర్చున్నావు, పుస్తకం చదువుకుంటున్నావనుకున్నాను. చూశావన్నమాట.

మొదలెట్లా అయిందో నీకు తెలియదు. ఆరేళ్ళయింది. కృపావరం అత్త ఇంటాయన కొండయ్య మావయ్య మంచాన పడ్డ రోజులు. ఒకరోజు అత్త ఆలస్యంగా వచ్చింది. గంప నిండా నెత్తళ్ళు, ఆ చిన్న చేపల పొట్టలు మెత్తబడిపోతున్నాయి. అడిగినవాడికి అడిగినంతకి ఇచ్చేస్తుంది. ఆవిడ రేటు చూసి మా దగ్గరికొచ్చినోళ్ళు కూడా అంతకే ఇమ్మన్నారు. అందరూ ఆవిడ మీద పడి తిట్టారు. నేనూ తిట్టాను. ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు. తెల్లారి నా గంపలో పండుగప్పలున్నాయి, ఐసు మీదున్నాయి, మధ్యాహ్నం దాకా వాటికేం కాదు. వాటి మీద గోనె కప్పేసి, వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ నెత్తళ్ళు అమ్మాను. మర్నాడు ఇంకో ఇద్దరు కప్పారు. పండుగప్ప కావాలని వచ్చినవాళ్ళు సణుగుతారు, ఆగండి నెత్తళ్ళవ్వాలి అంటాం. ఇప్పుడు వాళ్ళకీ అలవాటైంది. ఆగినవాళ్ళు ఊరికే నిలబడలేక గుప్పెడు నెత్తళ్ళు కూడా కొంటారు.

పొద్దున్నే మొప్ప ఎత్తి, పొట్ట నొక్కి, ఇవాళ ఫలానా గంప ముందు అని చెప్పేది కృపావరం అత్తే. ఆవిడ మాటకి ఎదురు లేదు. దీనికి మేం పేరేం పెట్టుకోలేదు. మేనేజిమెంటు అంటారా దీన్ని?

ఆ మేడాన్ని ఒకసారి తీసుకురా. చందువా పులుసు పెడతాం అంటున్నారు అందరూ.

అక్క


మచిలీపట్నం,
27 జూన్ 1998

అక్కా,

నిన్నెవరు చెప్పమన్నారు అందరికీ? ఇంటర్వ్యూ నాది. దాన్ని బజార్లో దండోరా వెయ్యాల్సిన అవసరం ఏమొచ్చింది? ఇంకా సీటే రాలేదు, అప్పుడే పులుసులూ, పేర్లూ. పదిహేనో ఇరవయ్యో నిమిషాల్లో పద్దెనిమిది పేర్లు ఎవరైనా చెబుతారా? కొంచెం ఆలోచించు.

సరే. అసలు విషయం. కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. నా పేరు ఎంపిక జాబితాలో ఉంది. కాకపోతే నేను చెప్పిన పనికి రుజువుగా ఆ ఆడవాళ్ళందరి సంతకాలతో ఒక కాగితం వచ్చే నెల పన్నెండో తారీఖు లోపల ఇవ్వాలట. వసుంధర మేడం అడిగిందట. మిగిలినవాళ్ళకి ఇలాంటివేం అడగలేదు. టై కట్టుకున్నవాడి మాట మాటే, మన మాటకి మాత్రం వేలిముద్రలు కావాలి. చూశావా ఈ సమాజాన్ని?

కాగితం నేనే రాసి ఇందులో పెట్టాను. సంతకం వచ్చినవాళ్ళ చేత సంతకం, రానివాళ్ళ చేత వేలిముద్ర వేయించి వెంటనే పంపు. అది ఆఫీసుల కోసం రాసే భాష, దాన్ని పట్టించుకోవద్దు. వాళ్ళకి చదివి వినిపించాల్సిన పని లేదు. నా సీటు కోసం అని చెప్తే చాలు.

ఆలస్యం చెయ్యకు.

గణపతి


నాగాయలంక,
5 జూలై 1998

గణపతికి,

కాగితం ఇందులోనే ఉంది. మడత పాడవకుండా అట్ట పెట్టాను.

చదివి వినిపించొద్దని రాశావు. నేనూ వినిపించకూడదనే అనుకున్నాను, ఇంట్లో ఒకసారి చదువుకున్నాక. బజారుకెళ్ళి, మా తమ్ముడి సీటు కోసం, వేలేయండి అన్నాను. కృపావరం అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. "నిరుడు ఇదే అరుగు మీద నిలబడి గణపతే కదమ్మా చెప్పింది, చదివి వినిపించందే ఏ కాగితం మీదా వేలు వెయ్యొద్దని. ఒట్టు కూడా వేయించుకున్నాడు. చదువు" అంది. అందరూ అవునన్నారు. నేనేం చెయ్యను?

చదివాను. నువ్వు రాసిందే, మళ్ళీ నీకు రాస్తున్నాను, చూసుకో. "మేము ఇంతకుముందు అజ్ఞానంతో, ఐకమత్యం లేక, గిరాకీల కోసం జుట్లు పట్టుకుని కొట్టుకునేవారము. శ్రీ గణపతి గారు మా పద్దెనిమిది మందిని చైతన్యపరచి, గంపలు కప్పి వరుసగా అమ్ము విధానమును నేర్పి, నేటికిని దానిని నిర్వహించుచున్నారు."

కొనడానికొచ్చిన ఒకాయన కూడా నిలబడి విన్నాడు. కృపావరం అత్త మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. మొదటిసారి కంటే రెండోసారి కష్టమైంది. ఆ తర్వాత ఆవిడ, "దీని మీద వేస్తే పిల్లోడికి సీటొస్తుందా?" అంది. వస్తుందంట అన్నాను. "అయితే సిరా ఇటియ్యి" అంది. పక్కనున్న సుమతి, నా జుట్టు పట్టుకున్నదెవరో ఆ పేరు కూడా రాయాల్సింది కాగితంలో, నాకూ తెలిసేది, అంది. నవ్వుకుంటూనే వేశారు అందరూ. గంప బోర్లాపడి చేపలు మట్టిలో పడ్డప్పుడు కూడా మేం అట్లాగే నవ్వుతాం.

పదిహేడు మందివి ఉన్నాయి. పద్దెనిమిదోది నాది. నేను పెట్టలేదు.

సంతకం చెయ్యడం నాకు వచ్చు. చేతిలో కలం కూడా ఉంది. రాలేదు.

పన్నెండో తారీఖు లోపల అన్నావు. ఈ ఉత్తరం ఎనిమిదికల్లా అందాలి.

వెంకటరత్నమ్మ


మచిలీపట్నం,
13 జూలై 1998

అక్కా,

అలా పిలిచే అర్హత ఉందో లేదో. ఇంకెలా పిలవాలో తెలియక అలాగే రాస్తున్నాను.

ఉత్తరం చివర నువ్వు పూర్తి పేరు రాశావు. నాకు రాసిన ఏ ఉత్తరంలోనూ ఎప్పుడూ అలా రాయలేదు.

ఇంటర్వ్యూలో ఏం చెప్పానో ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను. నేను నేర్పానని చెప్పాను. నేర్పక ముందు ఎలా అమ్మేవారని మేడం అడిగింది. కొట్టుకునేవారు, చదువు లేదు, లెక్క తెలియదు అన్నాను. పెద్దాయన తలూపాడు. ఆయన తలూపిన కొద్దీ నేను ఇంకా చెప్పాను. రెండు గంపలు ఒకేలా ఉంటే ఏది ముందు, ఎవరు తేలుస్తారు అని మేడం అడిగింది. నేను తేలుస్తాను అన్నాను. "మీ ఉద్యోగం బందరులో కదా, రోజూ ఎలా తేలుస్తారు?" అంది. ఆదివారం వెళ్ళి వారానికి సరిపడా చెప్పి వస్తానన్నాను. శుక్రవారం చేప సంగతి ఆదివారమే చెప్పే మొనగాడు నీ తమ్ముడు. మేడం కాగితం మీద ఏదో రాసుకుంది. రుజువు నన్నొక్కడినే ఎందుకు అడిగారో నాకు ఆ రోజే తెలుసు. సమాజాన్ని తిడుతూ నీకు రాసిన ఉత్తరం తెలిసే రాశాను.

దోపిడీ అంటే ఏమిటో నాకు పది నిర్వచనాలు నోటికి వచ్చు. మీరు చేసింది తీసుకుని నాదని చెప్పుకుంటే దాన్నేమంటారో పదకొండోది రాసుకోవాలి.

నిన్న గుడివాడ వెళ్ళాను. పశ్చాత్తాపంతో వెళ్ళానని అనుకోకు. కాగితం ఇచ్చెయ్యడానికే వెళ్ళాను. పదిహేడు ఉన్నాయి కదా, ఒకటి లేకపోతే ఎవరు లెక్కపెడతారు అనుకున్నాను. ఎవరైనా అడిగితే మా అక్కకి ఒంట్లో బాలేదని చెప్పాలని ప్యాసింజరు బండిలోనే సిద్ధం చేసుకున్నాను. ఇది కూడా రాస్తున్నాను, ఎందుకంటే రాయకపోతే మళ్ళీ దాచినట్టే.

మేడం ఒక్కతే ఉంది గదిలో. ఒక్కొక్క వేలిముద్రా చూసుకుంటూ వచ్చింది. పద్దెనిమిది మంది అని రాశారు, ఒకటి తక్కువుంది, ఈ మనిషెవరు అంది. సిద్ధం చేసుకున్న మాట నోటిదాకా వచ్చింది. చెప్పాలంటే ముందు 'మా అక్క' అనాలి. మా అక్క అన్నాను. తర్వాత మాట మారిపోయింది. "మొదలుపెట్టింది ఆవిడే మేడం. నేను కాదు. నాకేం తెలియదు" అన్నాను. అక్కడితో ఆగలేదు. జుట్ల మాట అబద్ధమనీ, వాళ్ళకి చదివి వినిపించాకే వేలేశారనీ, అన్నీ చెప్పేశాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అది ఇంకో సిగ్గు.

ఆవిడ తిట్టలేదు. చదివి వినిపించినా వేశారా అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఆ ఇంటర్వ్యూ మీద సీటు ఇవ్వలేమంది. వచ్చే ఏడాది జూన్‌లో మళ్ళీ పెట్టుకోవచ్చని, అడ్డు చెప్పనని అంది. కాగితం నాకే తిరిగిచ్చింది. నా దగ్గర ఉంచుకోవడానికి భయంగా ఉంది, చింపడానికీ భయంగా ఉంది.

ఇవాళ పొద్దున్న దైవాధీనం గారు అడిగితే, ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పాను, అందుకే సీటు పోయింది అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

వచ్చే ఆదివారం అవనిగడ్డ వస్తాను. వాళ్ళందరికీ నా నోటితో చెప్పాలి. వద్దంటే ఒక కార్డు ముక్క రాయి, రాను.

గణపతి


మచిలీపట్నం,
20 జూలై 1998

అక్కా,

నువ్వు కార్డు రాయలేదు. రమ్మన్నావని అనుకుని వచ్చాను. నువ్వు బజార్లో లేవు. రత్నానికి జ్వరం అని కృపావరం అత్త చెప్పింది, నా కళ్ళలోకి చూడకుండా. నీకు జ్వరం లేదని నాకు తెలుసు.

ఇంటికి రావాలనిపించింది. రాలేకపోయాను. నువ్వు రమ్మనకుండా ఆ గుమ్మం ఎక్కే ధైర్యం లేదు. అందుకే జరిగింది రాస్తున్నాను.

నేను వెళ్ళేసరికి కవళ్ళ చేపల గంప ఒకటి అమ్ముతున్నారు. మిగిలిన గంపలన్నీ కప్పి ఉన్నాయి. కృపావరం అత్త చూసి, "అమ్మో, శ్రీ గణపతి గారొచ్చారు, లెగండే" అంది. ఒకరిద్దరు నిజంగానే లేచి నిలబడ్డారు. అక్కా, భూమిలోకి కుంగిపోవడం అంటే ఏమిటో ఆ అరుగు దగ్గర తెలిసింది. నేను మామూలుగా ఎంత మాట్లాడతానో నీకు తెలుసు. నాలుగు మాటలే వచ్చాయి. మీరు చేసింది నేను చేశానని చెప్పాను, మీరు కొట్టుకునేవారని చెప్పాను, రెండూ అబద్ధం, సీటు పోయింది. అంతే చెప్పాను.

సీటు పోయిందనగానే అందరూ అయ్యో అన్నారు. తిడతారనుకున్నాను. తిట్టించుకోవడానికే వెళ్ళాను. మా వేలిముద్రలు సరిగ్గా పడలేదా బాబూ, మళ్ళీ వేసిమ్మంటావా అని అబ్బులు గారి భార్య అడిగింది. పాపం, ఆవిడకి నేను చెప్పింది సగమే అర్థమైంది.

కృపావరం అత్తకి అంతా అర్థమైంది. నన్ను పక్కన కూర్చోమంది. రెండు గంపలు ఒకేలా ఉంటే ఏం చేస్తారు అత్తా అని అడిగాను. "ఎవరి ఊరు దూరమో వాళ్ళది ముందు. బస్సు దొరకాలిగా" అంది. ఇంత చిన్న మాట. ఇది తెలియకే ఆ గదిలో అంత అబద్ధం ఆడాను. తర్వాత ఆవిడ, "ఆరేళ్ళ నుంచి చేస్తున్నాం. ఒక్కసారి మీ అక్కని అడగలేకపోయావా?" అంది.

అడగలేదు అక్కా. ఎందుకు అడగలేదో ఆలోచిస్తూనే బందరు చేరాను. నువ్వు ఏం అమ్ముతావో, ఎలా అమ్ముతావో, ఎక్కడ కూర్చుంటావో నేను ఒక్కసారి కూడా నిన్ను అడగలేదు. పేదవాళ్ళ గురించి అన్ని పుస్తకాలు చదివినవాడిని. నిన్ను అడగాలని ఎందుకు తోచలేదో నాకు తెలియడం లేదు.

కోపం తగ్గే దాకా రాయొద్దు. కానీ ఎప్పటికైనా రాయి.

గణపతి


నాగాయలంక,
26 జూలై 1998

తమ్ముడు గణపతికి అక్క రాసేది.

నాకు జ్వరం రాలేదు. నీ ముందుకి రాలేక ఆ మాట చెప్పమన్నాను. కానీ బజారుకి వచ్చాను. ఎదురుగా సోడాకొట్టు వెనకాల నిలబడ్డాను. నువ్వు చెప్పిందంతా విన్నాను. కృపావరం అత్త నీకు టీ ఇప్పిస్తే నువ్వు తాగకుండా చేతిలో పట్టుకునే కూర్చున్నావు, అది కూడా చూశాను.

కోపమని రాశావు. మొదట్లో కోపమే. ఆ కోపంతో నీ ముందుకి రాకూడదనుకున్నాను. కానీ సోడాకొట్టు వెనక నిలబడ్డప్పుడు అది కోపం కాదని తెలిసింది.

ఎందుకు అడగలేదో తెలియదన్నావు. నాకు తెలుసు. నువ్వు మర్చిపోయావు.

నువ్వు బందరు హాస్టల్లో ఆరో తరగతిలో చేరావు. నెలకోసారి వచ్చేదాన్ని. అవనిగడ్డలో అమ్మకం అవ్వగానే అటు నుంచి అటే బస్సెక్కేదాన్ని. బందరులో దిగి, బస్టాండు మరుగుదొడ్లోకి వెళ్ళి చీర మార్చుకునేదాన్ని. సంచిలో నిమ్మచెక్కలు తెచ్చుకుని మోచేతుల దాకా రుద్దుకునేదాన్ని. అప్పుడు నీ దగ్గరికి వచ్చేదాన్ని. ఒకసారి వార్డెను గారు, ఏం చేస్తుంటావమ్మా అని అడిగారు. కుట్టుపని చేస్తానండీ అన్నాను. నువ్వు తలెత్తి నా మొహంలోకి చూశావు. నీ చెయ్యి నా చేతిలోనే ఉంది, గట్టిగా నొక్కాను. నువ్వు నోరెత్తలేదు. ఆ తర్వాత హాస్టల్లో అందరికీ మా అక్క బట్టలు కుడుతుందనే చెప్పావంట. నువ్వు నా పని సంగతి అడగడం మానేసింది అప్పటి నుంచే.

నీ మంచికే చేశాననుకున్నాను. నలుగురిలో చిన్నబోకూడదని. పదకొండేళ్ళ పిల్లాడికి నేను నొక్కి మరీ నేర్పింది అది. నువ్వు బాగా నేర్చుకున్నావు. నీ కాగితం మీద నేను సంతకం పెట్టలేకపోయింది నీ మీద కోపంతోనే అనుకున్నాను. కాదు. అందులో నా రాత కూడా ఉంది.

ఇట్లా అన్నానని నీ తప్పు పోలేదు. నీది నీదే. నాది నాదే.

ఆ కాగితం చింపమాకు, దాచమాకు. పట్టుకురా. అందరి ముందూ పొయ్యిలో వేద్దాం అంటుంది కృపావరం అత్త. నువ్వే వెయ్యాలంట.

వచ్చే జూన్‌లో మళ్ళీ అప్లికేషన్ పెట్టు. పెట్టనని అన్నావో, అప్పుడు నిజంగా కోపం వస్తుంది. ఇంటర్వ్యూ రోజు ముందుగా చెప్పు, గుడివాడ నేనూ వస్తాను. లోపలికి రానివ్వరులే, బయట బెంచీ మీద కూర్చుంటాను, ఆ టైల వాళ్ళ పక్కన. పొద్దున్నే బేరం చూసుకుని బజారు నుంచి తిన్నగా వస్తాను.

చీర మార్చుకోను.

అక్క